వియత్నాం కాందిశీకుల క్వీర్ సాహిత్యం – డిగ్రీ విద్యార్థి పరిశోధనకు కొన్ని ఆలోచనలు

డిగ్రీ చదివే పిల్లలు పరిశోధన చెయ్యడమేమిటి అని అడిగే అధ్యాపకులు మన మధ్య ఇంకా చాలామందే వున్నారు. పరిశోధన అంటే పి.హెచ్.డి., అంతకు ముందున్నదంతా గైడు చదివి పరీక్ష రాయడం అని వాళ్ల నమ్మకం. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల డిగ్రీని ముందుకు తెచ్చింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏట పరిశోధన ఎంచుకోవచ్చునని 2022లో యు.జి.సి. చెప్పింది. ఆ విధానం మీద మనకున్న అభ్యంతరాలు వుండనే వున్నాయి; వాటిని మరోసారి చర్చించుకోవచ్చు. ఇరవై ఏళ్ల విద్యార్థికి సొంతంగా ఒక ప్రశ్న వేసుకునే హక్కు కాగితం మీదనైనా దొరికిందన్నది మాత్రం కాదనలేం.

ఆ హక్కు కాగితం దాటి రావడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక ఉదాహరణ. మా హైస్కూల్లో నా దగ్గర తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకామె ఇప్పుడు ఇంగ్లీషు సాహిత్యంలో ఆనర్సు చేస్తోంది. వియత్నాం నుంచి అమెరికా చేరిన కుటుంబాల్లో పుట్టిన క్వీర్ రచయితల మీద పరిశోధన వ్యాసం రాస్తానని తన కాలేజీలో అడిగితే రెండు ప్రశ్నలు ఎదురయ్యాయట. వియత్నాంతో మనకేం పని అన్నది మొదటిది. ఇది సాహిత్య విషయమేనా అన్నది రెండోది. విషయం మార్చుకుని రమ్మన్నారు. "ఏం చెయ్యమంటారు మాస్టారూ?" అని నన్నడిగింది. ఆ అమ్మాయికి చెప్పినవీ, చెప్పిన తర్వాత తోచినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆ రెండు ప్రశ్నలూ వేసినవాళ్లు ఒక కాలేజీలోనే లేరు. రెండో ప్రశ్న వేసేవాళ్లు అభ్యుదయ సాహిత్యకారుల్లోనూ వున్నారు.

మొదటి ప్రశ్నకు జవాబు మన దగ్గరే వుంది. 1960ల చివరి నుంచి 1975 దాకా తెలుగు అభ్యుదయ, విప్లవ కవులు వియత్నాం మీద విరివిగా రాశారు. కలకత్తాలో అమెరికా కాన్సలేటు వున్న హారింగ్టన్ వీధికి హో చి మిన్ పేరు పెట్టారు. నీ పేరూ నా పేరూ వియత్నాం అని అక్కడి వీధుల్లో లేచిన నినాదం మన వూళ్లకూ వచ్చింది. 1975 ఏప్రిల్ 30న సైగాన్‌లో టాంకులు అధ్యక్ష భవనం గేటు విరగ్గొట్టుకుని లోపలికి వెళ్లాయి. మన కవిత్వంలో వియత్నాం దాదాపు అక్కడితో ముగుస్తుంది. గెలిచిన ప్రజల గురించి రాశాం. యుద్ధం గెలిచిన తర్వాత ఆ ప్రజలు ఎలా బతికారో, ఎవరు వుండిపోయారో, ఎవరు ఎందుకు వెళ్లిపోయారో మన పేజీల్లో పెద్దగా కనబడదు.

వెళ్లిపోయినవాళ్లందరూ జనరళ్లూ భూస్వాములూ కారు. 1975లో సుమారు 1,30,000 మంది అమెరికా చేరారు. వాళ్లలో పాత సైగాన్ ప్రభుత్వపు మనుషులు ఎక్కువన్న మాట నిజం. కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లలో దాదాపు 8 లక్షల మంది పడవల్లో సముద్రం దాటి ఇతర దేశాల తీరాలకు చేరారు. చేరనివారి లెక్క ఎవరి దగ్గరా సరిగా లేదు. ఆ పడవల్లో జాలర్లున్నారు, చైనా సంతతి చిల్లర వర్తకులున్నారు, కుట్టుపని చేసుకునే ఆడవాళ్లున్నారు. పడవలెక్కకుండా వేరే దారిన పోయినవాళ్లలో అమెరికన్ సైనికులకు పుట్టి ఇటు కానీ అటు కానీ అయిన పిల్లలున్నారు. సామ్రాజ్యవాదం ఒక దేశం మీద లక్షల టన్నుల బాంబులు కురిపించిన తర్వాత ఆ దేశపు మనుషులు ఎక్కడెక్కడికి చెదిరిపోయారన్నది కూడా సామ్రాజ్యవాద చరిత్రలో భాగమే. అందువల్ల వియత్నాంతో మనకేం పని అన్న ప్రశ్న మనల్ని అడగవలసింది కాదు.

ఇక్కడ ఒక మాట గురించి ఆగాలి. డయాస్పోరా అన్నదానికి మనం 'ప్రవాసం' అని రాస్తున్నాం. ఆ మాట వినగానే తెలుగువాడికి విమానాశ్రయం గుర్తొస్తుంది. అమెరికాకు మన వలస 1965 నాటి ఇమిగ్రేషన్ చట్టం తర్వాత ఊపందుకుంది. మొదటి తరంలో డాక్టర్లూ ఇంజినీర్లూ ఎక్కువ. వియత్నాం వాళ్లది ఆ ప్రవాసం కాదు. వాళ్లకు సరిపోయే మాట మన పాత నిఘంటువుల్లో వుంది: కాందిశీకుడు. 'కాం దిశం', ఏ దిక్కుకు పోను, అని అంటూ పరుగెత్తేవాడు అని దాని వ్యుత్పత్తి. దేశ విభజన కాలంలో మన పత్రికలు ఆ మాటను బాగా వాడాయి. విద్యార్థి తన వ్యాసంలో మొదటే ఈ తేడా స్థిరపరచుకోకపోతే, వియత్నాం నవలలో గోళ్లకు రంగు వేసే తల్లినీ, ప్రవాసాంధ్ర కథలో ఆవకాయ కోసం బెంగపడే గృహిణినీ ఒకే గాటన కట్టే ప్రమాదం వుంది.

'క్వీర్' అన్న మాటకు మాత్రం నేను తెలుగు వెతకను. వింత, తేడా అన్న అర్థంలో అది ఇంగ్లీషులో చిరకాలం తిట్టుగా వుంది. 1990 ప్రాంతంలో అమెరికాలో ఎయిడ్స్ మృతుల మధ్య నిలబడి ఉద్యమం చేసినవాళ్లు ఆ తిట్టునే తమ పేరుగా తీసుకున్నారు. మాల, మాదిగ అన్న మాటలను తలెత్తుకుని పేర్లకు చేర్చుకున్న దళిత కవుల గురించి తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర లేదు. మనం వాడుతున్న 'స్వలింగ సంపర్కం' అన్న మాట పోలీసు స్టేషన్ నుంచీ ఆస్పత్రి నుంచీ వచ్చింది. అది మనిషిని వదిలేసి ఒక చర్యను మాత్రమే చూస్తుంది. రైలూ రోడ్డూ తెలుగైనట్టే క్వీర్ కూడా తెలుగవుతుంది.

ఈ విషయం మీద డిగ్రీ విద్యార్థులు పని చెయ్యడం అమెరికాలో వింత కాదు, అయితే అది వాళ్లకు ఎవరూ దయతో ఇచ్చింది కూడా కాదు. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థి సంఘమూ, థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్ అన్న పేరుతో కలిసిన ఆసియా, మెక్సికన్ మూలాల విద్యార్థులూ సమ్మె చేశారు. మా చరిత్ర మాకు చెప్పండి అన్నది వాళ్ల ప్రధానమైన కోరిక. పోలీసు లాఠీలు, అరెస్టులు అన్నీ అయ్యాయి. సుమారు అయిదు నెలల తర్వాత, 1969 మార్చిలో సమ్మె ముగిసింది. ఆ ఏడే అక్కడ ఎత్నిక్ స్టడీస్ కాలేజీ ఏర్పడింది. ఆసియన్ అమెరికన్ సాహిత్యమన్న బోధనాంశం ఆ సమ్మె నుంచి వచ్చింది. సమ్మె చేసినవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులే. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగిన కాలమూ అదే. ఆ తర్వాత 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖ ఆగ్నేయాసియా కాందిశీకుల కాగితాలనూ ఫోటోలనూ కరపత్రాలనూ భద్రపరచే కేంద్రం పెట్టింది. వియత్నామీస్ అమెరికన్ల నోటి చరిత్రలను సేకరించే పని కూడా అక్కడ 2011 నుంచి జరుగుతోంది. మనవరాలు టేప్‌రికార్డరు పెట్టి తాతను అడగడం కూడా పరిశోధనే అని ఒప్పుకున్న చోట ఈ సాహిత్యానికి చదువరులు పుట్టారు.

ఇక రచనల విషయానికి వద్దాం. ఒక డిగ్రీ వ్యాసానికి రెండు పుస్తకాలు చాలు, మూడు ఎక్కువ. నేను ఇక్కడ నాలుగింటిని పేర్కొంటున్నది ఎంచుకోవడం కోసమే.

మోనిక్ ట్రువాంగ్ 1968లో సైగాన్‌లో పుట్టి 1975లో అమెరికా చేరింది. ఆమె నవల 'ది బుక్ ఆఫ్ సాల్ట్' 2003లో వచ్చింది. పారిస్‌లో గెర్‌ట్రూడ్ స్టైన్ అన్న ప్రసిద్ధ రచయిత్రి, ఆమె సహచరి ఆలిస్ టోక్లాస్ వుండే ఇల్లు ఆధునికవాద సాహిత్య చరిత్రల్లో పుణ్యక్షేత్రం. పికాసో, హెమింగ్వే వచ్చి పోయిన ఇల్లు. ఆ ఇంట్లో ఇండోచైనా వంటవాళ్లు పని చేసినట్టు టోక్లాస్ తన వంటల పుస్తకంలో కొంచెం ప్రస్తావించింది. చరిత్రలో వాళ్లకు దక్కిన చోటు అంతే. ఆ కొంచెం చోటు నుంచి ట్రువాంగ్ బిన్ అనే వంటవాణ్ణి సృష్టించింది. అతను సైగాన్‌లో ఫ్రెంచి గవర్నర్ జనరల్ వంటింట్లో పని చేస్తూ, అక్కడి ఫ్రెంచి వంటవాడితో సంబంధం బయటపడి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. సముద్రం మీద పడి పారిస్ చేరాడు.

ఈ నవలను చదివే విద్యార్థి సాధారణంగా బిన్ ప్రేమల దగ్గర ఆగిపోతాడు. వంటింట్లోకి వెళ్లమని నేను చెబుతాను. బిన్ మనసులో మాట్లాడుకునే భాష ఎంతో సమృద్ధమైనది. నవలంతా ఆ భాషే. బయట అతను మాట్లాడే ఫ్రెంచి నాలుగు ముక్కలు. అనాసపండు కావాలంటే ఆ మాట తెలియక పియర్ పండు పేరు చెప్పి, అది కాదని కూడా చెప్పి అర్థం చేయించవలసి వస్తుంది. యజమానురాళ్లకు కనబడేది ఆ నాలుగు ముక్కల మనిషే. వాళ్లిద్దరూ స్త్రీలే, జంటగా బతుకుతున్నవాళ్లే. తమ ఇంట్లో తమకు కావలసినట్టు బతికే స్వేచ్ఛ వాళ్లకుంది, ఎందుకంటే వాళ్ల దగ్గర డబ్బుంది, అంట్లు తోమి వంట చెయ్యడానికి బిన్ వున్నాడు. అదే ఇంట్లో బిన్‌కు ఆదివారం సెలవు తప్ప తనదంటూ ఏదీ లేదు. క్వీర్ అన్న ఒక్క మాట కింద యజమానినీ వంటవాణ్ణీ కలిపి చూడలేమని ఈ నవల చెప్పినంత బాగా సిద్ధాంత గ్రంథాలు చెప్పలేదని నా అభిప్రాయం. పైగా స్టైన్ తన నోటుపుస్తకంలో ఈ వంటవాడి గురించి రాసుకుంటుంది. బిన్ ఆ రాతప్రతిని దొంగిలిస్తాడు. తన బతుకును తాను చదవలేని భాషలో మరొకరు రాసుకుంటే అది ఎవరి సొత్తు? శ్రామికుల మీద కథలు రాసే మధ్యతరగతి రచయితలం మనమంతా ఈ ప్రశ్న ముందు కాసేపు నిలబడవలసిందే.

ఈ నవలలో అభ్యుదయ పాఠకుడికి ఇబ్బంది కలిగించే ఘట్టం ఒకటుంది. పారిస్ వంతెన మీద బిన్‌కు ఒక స్వదేశీయుడు కలుస్తాడు. అతనూ ఓడల్లో, వంటింళ్లలో పని చేసినవాడే. ఒక పూట కలిసి తిరుగుతారు, భోజనం చేస్తారు. బిన్ ఆ మనిషిని మరిచిపోలేడు. అతను ముందు ముందు హో చి మిన్ కాబోయేవాడని నవల చెప్పీ చెప్పకుండా చెబుతుంది. హో 1911లో 'బా' అన్న పేరుతో ఓడలో వంటసహాయకుడుగా దేశం విడిచాడన్నదీ, పారిస్‌లో ఫోటోలకు మెరుగులు దిద్ది బతికాడన్నదీ చరిత్రే. ఈ ఘట్టం చదివి నాయకుణ్ణి కించపరిచారని కోపగించుకునేవాళ్లు వుంటారు. నాకలా అనిపించలేదు. నాయకుడి జీవితం గురించి రచయిత్రి కొత్త వాస్తవమేదీ ప్రకటించడం లేదు. విప్లవ చరిత్ర నడిచే వంతెన మీద ఒక మామూలు వంటవాడికీ, ఇంట్లోంచి గెంటబడ్డ వంటవాడికీ నిలబడే చోటిచ్చింది. విగ్రహం కట్టినవాళ్ల కంటే ఆమెకే హో మనిషిగా దగ్గరయ్యాడు.

వియెత్ థాన్ న్గుయెన్ పేరు చాలామంది విన్నారు. 'ది సింపథైజర్' నవలకు 2016లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 2017లో వచ్చిన 'ది రెఫ్యూజీస్' సంపుటిలో 'ది అదర్ మాన్' అన్న కథ మన విషయానికి పనికొస్తుంది. 1975లో శిబిరం నుంచి బయటపడాలంటే కాందిశీకుడికి ఎవరో ఒక అమెరికన్ పూచీ వుండాలి. లియెమ్ అన్న కుర్రాడికి శాన్‌ఫ్రాన్సిస్కోలో పూచీ పడినవాళ్లు జంటగా వుంటున్న ఇద్దరు మగవాళ్లు. ఒకడు తెల్లవాడు, మరొకడు హాంకాంగ్ చైనావాడు. యుద్ధం నుంచి తప్పించుకొచ్చిన కుర్రాడికి తన సంగతి తనకు తెలియడం, ఇంటి దగ్గర నుంచి తండ్రి ఉత్తరం రావడం ఒకే కథలో జరుగుతాయి. చిన్న కథ, విద్యార్థికి వాక్యవాక్యమూ పట్టి చూడడానికి అనువైనది.

ఓషన్ వువాంగ్‌కు ఎక్కువ చోటు ఇవ్వాలి. 1988లో పుట్టాడు, రెండేళ్ల వయసులో ఫిలిప్పీన్స్ శిబిరం మీదుగా కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ చేరాడు. మొదట కవి; 2017లో టి. ఎస్. ఎలియట్ బహుమతి అందుకున్నాడు. 2019లో వచ్చిన 'ఆన్ ఎర్త్ వియ్ ఆర్ బ్రీఫ్‌లీ గార్జియస్' నవల చదువురాని తల్లికి కొడుకు రాసిన ఉత్తరం. ఆమె చదువు అయిదో ఏట ఆగిపోయింది; నాపాం బాంబు బడిని కాల్చేసింది. అంటే ఆమె చదవలేదని తెలిసే అతను రాస్తున్నాడు. చదవలేదు కాబట్టే అన్నీ రాయగలుగుతున్నాడు. ఉత్తరమన్న ప్రక్రియను ఇంతగా తలకిందులు చేసిన నవల నేను మరొకటి చదవలేదు.

తల్లి అమెరికన్ సైనికుడికి పుట్టిన బిడ్డ. గోళ్ల సెలూన్‌లో పని. రసాయనాల వాసనలో, పరాయి ఆడవాళ్ల పాదాల దగ్గర కూర్చుని, తప్పు చెయ్యకపోయినా క్షమించమని అడుగుతూ డబ్బు సంపాదించే పని అది. ఈ వృత్తి వియత్నాం ఆడవాళ్ల చేతికి ఎలా వచ్చిందో ఒక కథ వుంది. 1975లో కాలిఫోర్నియాలో ఒక శిబిరానికి వచ్చిన సినిమా నటి టిప్పీ హెడ్రెన్ గోళ్లను చూసి ముచ్చటపడిన కాందిశీక స్త్రీలు ఇరవై మందికి ఆమె ఆ పని నేర్పించే ఏర్పాటు చేసింది. అక్కడి నుంచి ఒక పరిశ్రమ పెరిగింది. కొడుకు వేసవిలో పొగాకు తోటలో కూలికి పోతాడు. అక్కడ లాటిన్ అమెరికా కూలీల మధ్య అతనికి తోట యజమాని మనవడు ట్రెవర్ పరిచయమవుతాడు. వాళ్ల ప్రేమ పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో మొదలవుతుంది. (ఒంగోలు, కందుకూరు వైపు పాఠకులకు బ్యారన్ అంటే ఏమిటో, దాని వేడి ఎలా వుంటుందో నేను చెప్పక్కర లేదు.) ట్రెవర్ తెల్లవాడే, కానీ పేదవాడు, తాగుబోతు తండ్రితో ట్రెయిలరు ఇంట్లో వుంటాడు. కాలు విరిగితే డాక్టరు రాసిచ్చిన ఆక్సీకాంటిన్ అన్న నొప్పి మందుకు అలవాటు పడి చివరికి ఆ దారిలోనే చచ్చిపోతాడు. ఆ మందు 1996లో మార్కెట్లోకి వచ్చింది. తయారుచేసిన పర్డ్యూ కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా కనెక్టికట్‌లోనే. తల్లి జబ్బు, కొడుకు కూలి, ప్రియుడి చావు: మూడింటి వెనకా ఒకే ఆర్థిక వ్యవస్థ వుంది. ఈ నవలను 'గాయం', 'అస్తిత్వం' అన్న రెండు మాటలతో ముగించే వ్యాసాలు కుప్పలుగా వస్తున్నాయి. ఆ మాటలు తప్పు కావు. గాయం ఎవరు చేశారు, ఎంత లాభానికి చేశారు అన్నది అడగకుండా ఆ మాటలు వాడితే మాత్రం అవి మందుబిళ్లలే అవుతాయి.

ట్రుంగ్ లె న్గుయెన్ 2020లో బొమ్మల నవల ఒకటి వేశాడు: 'ది మాజిక్ ఫిష్'. ఇందులో కుర్రాడు తియెన్ తన సంగతి తల్లికి చెప్పాలనుకుంటాడు. తల్లి భాషలో దానికి మాట దొరకదు. కుట్టుపని చేసుకునే ఆ తల్లికి అతను లైబ్రరీ నుంచి జానపద కథలు తెచ్చి చదివి వినిపిస్తుంటాడు. చివరికి తల్లి కూడా ఒక కథ ద్వారానే జవాబు చెబుతుంది. ఇప్పటి కథకు ఎరుపు, గతానికి పసుపు, జానపద కథకు నీలం రంగు వేశాడు. బొమ్మల పుస్తకం కదా అని కాలేజీలో తీసివేస్తారేమో. ఈ నాలుగింటిలో సమస్యను సూటిగా పట్టుకున్నది అదే.

సమస్య ఆ మాట దొరకకపోవడం. వువాంగ్ నవలలో కూడా కొడుకు తల్లితో తన సంగతి చెబుతూ వియత్నామీస్‌లో వున్న 'పే-దే' అన్న మాటను కావాలని తప్పిస్తాడు. అది ఫ్రెంచి తిట్టు నుంచి వచ్చింది. పసిపిల్లల మీద పడేవాడన్న అర్థం దానికి అంటుకుని వుంది. ఫ్రెంచివాళ్లు రాకముందు తమ భాషలో ఇలాంటివాళ్లకు వేరే పేరే లేదని కథకుడు అంటాడు. ఇది నవలలోని పాత్ర మాట. విద్యార్థి దీన్ని చరిత్రగా ఎత్తి రాయకూడదు. వియత్నాం అమ్మతల్లి ఆరాధనలో పూనకం వచ్చే గణాచారులున్నారు. ఆడవేషం కట్టే మగ గణాచారులకు 'డాంగ్ కో' అన్న పేరుంది. మన శివసత్తుల్లో, జోగప్పల్లో వున్నట్టే అక్కడా గౌరవమూ ఎగతాళీ కలిసిన మాటలవి. కాబట్టి మాట లేదనడం కంటే, ఇంట్లో అన్నం ముందు కూర్చుని తల్లితో చెప్పుకోగల మాట లేదనడం నిజం.

చట్టం సంగతి ఇక్కడ పోల్చి చూడదగ్గది. ఫ్రాన్స్ 1791లోనే తన శిక్షాస్మృతి నుంచి ఈ నేరాన్ని తీసేసింది. అందువల్ల ఫ్రెంచి ఏలుబడిలోని వియత్నాంకు మన 377 లాంటి సెక్షన్ రాలేదు. తిట్టు వచ్చింది, సెక్షన్ రాలేదు. మనకు ఇంగ్లీషువాళ్లు 1860లో సెక్షనే ఇచ్చారు. దాన్ని వదిలించుకోవడానికి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది. వియత్నాంలో 2015 నుంచి అమలైన కుటుంబ చట్టం ఒకే లింగంవారి పెళ్లి మీద నిషేధం ఎత్తివేసింది, కానీ దాన్ని గుర్తించలేదు. మన సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చేసిందీ దాదాపు అదే: శాసనసభల పని అని పక్కన పెట్టింది.

కాందిశీకుల సమాజం లోపల ఈ విషయం ఎంత మంట పెట్టగలదో కాలిఫోర్నియాలో లిటిల్ సైగాన్ చూపించింది. అక్కడ 1999లో ఒక దుకాణదారు హో చి మిన్ పటం పెట్టాడని వేల మంది యాభై రోజులకు పైగా ఆ దుకాణం ముందు నిరసన చేశారు. 2013లో అదే పేట టెట్ పండగ ఊరేగింపు నుంచి క్వీర్ సంఘాలను నిర్వాహకులు మినహాయించారు; వాళ్లు రోడ్డు పక్కన నిలబడవలసి వచ్చింది. మరుసటి ఏడు తిరిగి రానిచ్చారు. దేశం పోగొట్టుకున్నవాళ్లకు కుటుంబమే దేశమవుతుంది. కుటుంబానికి వారసుణ్ణి ఇవ్వని కొడుకు ఆ చిన్న దేశానికి ద్రోహిలా కనబడతాడు. ఒకరికి కమ్యూనిస్టు, మరొకరికి క్వీర్: రెండు భయాలూ ఒకే వాకిట్లో కాపలా కాస్తున్నాయి. ఆ కాందిశీకుల కమ్యూనిస్టు వ్యతిరేకతను మనం సమర్థించనక్కర లేదు. దాన్ని అర్థం చేసుకోకుండా వాళ్ల పిల్లల సాహిత్యాన్ని చదవలేం.

ఇక కాలేజీలో వేసిన రెండో ప్రశ్న, ఇది సాహిత్య విషయమేనా అన్నది. ఇది పాశ్చాత్య బూర్జువా క్షీణత, శ్రామికవర్గానికి సంబంధం లేనిది అని చెప్పే మన మిత్రులు ఆ వాదం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. విప్లవం తర్వాత 1922లో వచ్చిన సోవియట్ రష్యా శిక్షాస్మృతిలో ఈ నేరం లేదు. 1934లో దాన్ని తిరిగి చేర్చారు. ఆ ఏడే గోర్కీ దాన్ని ఫాసిజంతో ముడిపెట్టి వ్యాసం రాశాడు. 'అమ్మ' రాసిన కలం నుంచి ఆ వ్యాసం రావడం బాధాకరమే, కానీ అది మార్క్సిజం సూత్రం కాదు, ఒక కాలపు రాజకీయం. క్యూబా 2022లో ప్రజాభిప్రాయం తీసుకుని ఒకే లింగంవారి పెళ్లిని చట్టం చేసింది. తెలుగులో ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి అనువదించారు, 'ఒక హిజ్రా ఆత్మకథ'కు 2019 సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. సాహిత్య విషయం కాదన్నవాళ్లు ఆ పుస్తకం చదివి మాట్లాడాలి. వంటవాడూ, గోళ్లు దిద్దే ఆమె కొడుకూ, కుట్టుపనిచేసే ఆమె కొడుకూ శ్రామికవర్గం కాకపోతే మరెవరు?

పరిశోధన చేసే విద్యార్థికి నేను గట్టిగా చెప్పేది ఒకటి: అమెరికన్ విద్యార్థి చెయ్యలేనిది, తెలుగు విద్యార్థి చెయ్యగలిగింది ఎంచుకోవాలి. నిన్ననే వచ్చిన సిద్ధాంత గ్రంథం నుంచి నాలుగు ఉల్లేఖనలు దించితే అక్కడివాళ్ల వ్యాసానికి నకలు అవుతుంది. కానీ మనకు వియత్నామీస్‌తో ఒక చుట్టరికం వుంది. ఆ భాషలో ఇంగ్లీషు 'ఐ', 'యూ'ల్లాంటి మాటలతో రోజు గడవదు. మాట్లాడేవాడు ఎదుటివారికి కొడుకో, తమ్ముడో, మనవడో అయితే తప్ప నోరు విప్పలేడు. తల్లితో మాట్లాడేటప్పుడు 'నేను' అనడు, 'కాన్' అంటాడు, అంటే బిడ్డ. ప్రేమికుల్లో మగవాడు 'ఆన్', ఆడది 'ఎమ్'. ఆన్ అంటే అన్న, ఎమ్ అంటే తమ్ముడో చెల్లెలో. ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుంటే ఒకరు ఆన్, ఒకరు ఎమ్ అనుకోవచ్చు. వినేవాళ్లకు అన్నదమ్ములనే తోస్తుంది. ప్రేమకు భాష ఇచ్చిన చోటూ అదే, దాగుకునే చోటూ అదే.

ఈ రచనలన్నీ ఇంగ్లీషులో వచ్చాయి కాబట్టి ఆ వరసలన్నీ 'ఐ', 'యూ' కింద పూడిపోయాయి. బావా, వదినా, అన్నయ్యా అని వరస కలపకుండా పక్కింటివాడితో కూడా మాట్లాడని మన విద్యార్థికి అవి ఎక్కడ పూడిపోయాయో తెలుస్తుంది. వువాంగ్ నవలలో ఒక్క ప్రకరణం తెలుగు చేసి చూడమని ఆ అమ్మాయికి చెప్పాను. తల్లిని 'నువ్వు' అనాలా, 'అమ్మా' అంటూ ప్రతి వాక్యం మొదలుపెట్టాలా, 'నేను' అని ఎన్నిసార్లు అనాలి, ఎన్నిసార్లు క్రియాపదం చివర మాత్రమే వదిలెయ్యాలి అన్నది ఒక్కొక్క వాక్యం దగ్గరా తేల్చుకోవలసి వస్తుంది. మూడు పేజీలు చేసుకొచ్చింది. తల్లి దగ్గర చిక్కు లేదు మాస్టారూ, ట్రెవర్ వచ్చిన చోట 'అతను' అనాలో 'వాడు' అనాలో తేలడం లేదు అంది. వ్యాసం అక్కడ నుంచి మొదలుపెట్టమన్నాను.